పూడిక తీయువారు

చెరువు త్రవ్వించుటను మన పూర్వులు సప్తసంతానములలో నొకటిగా గణించిరి. చెరువు త్రవ్వించిన ప్రభువుల పేరులు శిలాశాసనములలో నేటికిని నిలిచియున్నవి. కాకతీయులనాటి తటాకముల క్రింద తెలంగాణమున ఇప్పటికిని పంటలు పండుచున్నవి. బాలబాలికలారా! ఇచ్చట ఒక్క విషయము యోచింపుడు. ఏటేట వానలకు కొట్టుకొనివచ్చు మట్టి చెరువు అడుగున పేరుకొనును. ఆ మట్టిని ఎవ్వరును తీయకున్నచో ఇన్ని వందల యేండ్లు ఆ చెరువులు నిలిచియుండెడివా? తరతరముల రైతులు వేసవిలో చెరువులోనికి దిగి పూడిక తీసిరి, కట్టకు గండిపడినచోట మట్టి వేసిరి, తూములు బాగుచేసిరి. వారి పేరులు ఏ శాసనమునను లేవు. ఆ పని కొంతకాలము వెనుకబడినందున చెరువులు పూడిపోగా, 2015లో ప్రభుత్వము మిషన్ కాకతీయ పేరిట మరల పూడిక తీయింపవలసి వచ్చినది.

త్రవ్వించినవాడు ఒకమారు శ్రమపడును. కాపాడువాడు ఏటేట శ్రమపడవలెను. ఈ పాఠము కాపాడువారిని గూర్చినది. అయితే వారు కాపాడు చెరువు కంటికి కనబడదు. అది గణనయంత్రములలో నడచు ఒక సాఫ్టువేరు. మనము ఎచ్చట నున్నామో, ఇప్పుడు సమయమెంతయో అది మనకు చెప్పుచున్నది.

ఉప్పల్ కూడలిలో ఉదయమున కొంతసేపు నిలిచి చూడుడు. పైన మెట్రో రైలు పోవుచుండును. క్రింద వరంగల్లు వైపు పోవు బస్సులు, నాచారము పారిశ్రామికవాడకు పోవు లారీలు, ఆటోలు, ద్విచక్రవాహనములు ఒకదానినొకటి ఒరసికొనుచు సాగుచుండును. మునుపు దారి తెలియనివాడు పాన్‌డబ్బా వద్ద ఆగి అడిగెడివాడు. నేడు ఆటో నడుపు యువకుడు ఎదుట నమర్చిన ఫోనును చూచును. “ఎడమవైపు తిరుగుము” అని ఫోను చెప్పును, అతడు తిరుగును. ఆటోలో నాచారమున ఆసుపత్రికి పోవలసిన రోగి యుండవచ్చును. ఆ యువకుడు ఫోనును ఎంత నమ్ముచున్నాడో, ఫోను మరియొకరిని అంత నమ్ముచున్నది. ఆ నమ్మకపు గొలుసు ఎచ్చటినుండి ఎచ్చటికి పోవుచున్నదో చూతము.

భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున జీపీఎస్ ఉపగ్రహములు పరిభ్రమించుచున్నవి. అవి మనకు దారి చూపవు. “నేను ఇచ్చట నున్నాను, నా గడియారమున ఇప్పుడు ఇంత సమయము” అని మాత్రమే నిరంతరము చెప్పుచుండును. ఆ మాట కాంతివేగమున, అనగా సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్ల వేగమున, మన రిసీవరును చేరును. బయలుదేరిన సమయమునకును చేరిన సమయమునకును గల భేదమునుబట్టి ఆ ఉపగ్రహము ఎంత దూరమున నున్నదో లెక్కింపవచ్చును. ఇట్లు నాలుగు ఉపగ్రహముల మాటలు వినినచో మన స్థానమును, మన గడియారపు తప్పును కూడ తెలిసికొనవచ్చును. సెకనులో పదిలక్షలవ వంతు పొరపాటు జరిగినను దూరము 300 మీటర్లు తప్పును. ఉప్పల్ వంటి చోట 300 మీటర్లనగా వేరొక వీధి, వేరొక వాడకట్టు.

ఇందుచే ఉపగ్రహములలో అతిసూక్ష్మమైన పరమాణు గడియారము లుంచబడినవి. అవియు చెడుచుండును. మన దేశము శ్రీహరికోటనుండి 2013 జులై 1న పంపిన ఐ.ఆర్.ఎన్.ఎస్.ఎస్. 1ఏ అను ఉపగ్రహమున మూడు గడియారములుండగా మూడును పనిచేయుట మానినవి. దానికి బదులుగా 2017 ఆగస్టు 31న పంపిన ఉపగ్రహము రాకెట్టు శిరోభాగమున నున్న రక్షణకవచము విడిపోనందున నిర్దేశిత కక్ష్యను చేరలేకపోయినది. 2018 ఏప్రిలులో మరియొకదానిని పంపి ఆ కొరతను పూరించిరి. ఆకాశముననుండు ఉపగ్రహమునకును మరమ్మతు, మార్పు తప్పవని దీనివలన గ్రహింపనగును.

భూమిని కొలుచు విద్య ఉప్పల్ ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1767లో ఆరంభమైన సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన శిక్షణాలయము ఉప్పల్‌లోనే యున్నది. దానిని నేడు జాతీయ భూసమాచార శాస్త్ర సాంకేతిక సంస్థ యందురు. దేశమంతటినుండి సర్వేయర్లు అచ్చటికి వచ్చి శిక్షణ పొందుచున్నారు. ఈ సర్వే చరిత్రలో విద్యార్థులు మరువరాని ఘట్టమొకటి కలదు. విలియం లాంబ్టన్ అను సైనికాధికారి 1802లో మద్రాసున భూమిని త్రికోణములుగా విభజించి కొలుచుట మొదలుపెట్టెను. ఆయనవద్ద కోణములను కొలుచు థియోడలైటు అను బృహద్యంత్ర ముండెను. దాని బరువు సుమారు అర్ధటన్ను. 1808లో తంజావూరున దానిని దేవాలయ గోపురముమీదికి ఎక్కించుచుండగా త్రాడు తెగి, యంత్రము గోడకు తగిలి, దాని చక్రము వంగిపోయెను. క్రొత్త యంత్రము ఇంగ్లండునుండి రావలెనన్న ఎంతో కాలము పట్టును. లాంబ్టన్ డేరాలో కూర్చుండి, ఆరు వారములపాటు వంగిన చక్రమును కొద్దికొద్దిగా సవరించి, దానిని మరల పనికి వచ్చునట్లు చేసెను. అటుపిమ్మట ఆ యంత్రముతోనే కొలత సాగినది. లాంబ్టన్ కొలిచిన దూరములను చరిత్రకారులు పొగడుదురు. ఆ ఆరు వారముల ఓర్పు లేకున్నచో ఆ దూరములు లేవు.

ఇక హబ్సిగూడనుండి ఉప్పల్‌కు పోవు దారిలో 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కలదు. ఆ ఆవరణమున ఉపగ్రహముల మాటలను రాత్రింబవళ్లు వినుచు నమోదు చేయు రిసీవరు ఒకటి నెలకొల్పబడినది. ప్రపంచమందలి ఇట్టి కేంద్రముల కూటమిలో దాని పేరు ‘హైడ్’. ఈ కూటమి 1994నుండి పనిచేయుచున్నది. వివిధ దేశములలోని అయిదు వందలకు పైగా కేంద్రములు తాము వినినదానిని అందరికిని ఉచితముగా ఇచ్చుచున్నవి. జపానులోని విద్యార్థి హైదరాబాదు లెక్కలను చూడవచ్చును. నాచారములోని విద్యార్థి జపాను లెక్కలను చూడవచ్చును.

ఈ లెక్కలను చదివి స్థానమును నిర్ణయించుటకు ప్రోగ్రాము కావలెను. ప్రోగ్రామనగా యంత్రమునకు మనుష్యుడు వ్రాసి యిచ్చు ఆజ్ఞల వరుస. కొందరు తమ ప్రోగ్రాములను తాళమువేసి దాచుకొందురు. మరికొందరు వ్రాసిన ప్రతి పంక్తిని అందరు చదువుటకును, వాడుకొనుటకును, దిద్దుటకును తెరచియుంచుదురు. ఇట్లు తెరచిన దానిని ఓపెన్‌సోర్సు ప్రోగ్రామందురు. టోక్యో సముద్రశాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయమునకు చెందిన తొమోజి తకాసు వ్రాసిన ఆర్‌టీకేలిబ్ అను ప్రోగ్రాము అట్టిది. దానిని వాడి సెంటీమీటర్ల వరకు స్థానమును నిర్ణయింపవచ్చును. జీపీఎస్‌డీ అను ప్రోగ్రామును అట్టిదే. రిసీవరులు అనేక సంస్థలు చేయును. ఒక్కొక్కటి ఒక్కొక్క భాషలో మాటలాడును. జీపీఎస్‌డీ ద్విభాషివలె వాని మాటలన్నింటిని ఒక్క భాషలోనికి మార్చి, పటములు చూపు ప్రోగ్రాములకును, గడియారములు సరిచేయు ప్రోగ్రాములకును అందించును. 1990వ దశకముననుండి దానిని స్వచ్ఛందముగా పనిచేయువారు కాపాడుచు వచ్చుచున్నారు. వారిలో జరిగిన ఒక పొరపాటును, దాని దిద్దుబాటును ఇప్పుడు చెప్పుదును. అది అర్థము కావలెనన్న ముందుగా మన తెలుగు సంవత్సరముల పేరులను తలచుకొనవలెను.

మీ తాతగారు “నేను ప్రభవలో పుట్టితిని” అని చెప్పెననుకొనుడు. ప్రభవ 1927లోను వచ్చినది, 1987లోను వచ్చినది. అరువది సంవత్సరములు గడచిన పిదప అదే పేరు మరల వచ్చును గదా! అయినను మీరు తడుముకొనరు. తాతగారి తల నెరిసియుండుటను చూచి 1927 అని నిశ్చయింతురు. జీపీఎస్ ఉపగ్రహమును ఇట్లే మాటలాడును. అది 1980 జనవరి 6 మొదలుకొని వారములను లెక్కించుచు వచ్చుచున్నది. కాని ఆ సంఖ్యకు పది ద్విసంఖ్యాస్థానములు మాత్రమే కేటాయింపబడినవి. రెండును పదిమార్లు హెచ్చించినచో 1024 వచ్చును. కావున 0 మొదలు 1023 వరకు లెక్కించి, మరల 0 నుండి మొదలుపెట్టును. ఇట్టి మలుపు 1999 ఆగస్టులో ఒకమారు, 2019 ఏప్రిలులో మరియొకమారు వచ్చినది. ఉపగ్రహము “ఇది ఇన్నవ వారము” అనును. ఎన్నవ ఆవృత్తమో చెప్పదు. తాతగారి తల చూచినట్లు, ఆ నిర్ణయమును ప్రోగ్రాము తానే చేసికొనవలెను.

జీపీఎస్‌డీని కాపాడువారు ఈ నిర్ణయము తప్పిపోకుండుటకై ఒక కావలి పంక్తిని వ్రాసిరి. దానికి ఆధారము లీపు సెకను. చాంద్రమానమును సౌరమానముతో కలుపుటకు మనము అధికమాసమును చేర్చినట్లు, భూభ్రమణమునకును పరమాణు గడియారమునకును గల భేదమును సరిపుచ్చుటకు అప్పుడప్పుడు ఒక సెకనును చేర్చుదురు. 1980నుండి ఇట్లు చేర్చినవి 18. చివరిది 2016 డిసెంబరు 31న చేరినది. ప్రోగ్రామును వ్రాసినవారు 2022 ముగియునాటికి పందొమ్మిదవ సెకను తప్పక చేరునని ఊహించిరి. కావున “చేరిన సెకనులు 19కి తక్కువయై, వారము సంఖ్య 2180ని మించినచో, ఆ వారము దూరభవిష్యత్తునకు చెందినది, పొరపాటున వచ్చినది, దానినుండి 1024 తీసివేయుము” అని ఆజ్ఞ వ్రాసిరి. ఉద్దేశము మంచిదే. కాని రెండు తప్పులు జరిగినవి. భూమి మన ఊహను మన్నింపలేదు. పందొమ్మిదవ సెకను చేర్చవలసిన అవసరమే కలుగలేదు. అంతేగాక, 2180వ వారము దూరభవిష్యత్తునకు చెందినది కాదు; అది 2021 అక్టోబరులోనే ముగియునది.

ఫలితమేమి? 2021 అక్టోబరు 24, ఆదివారమున 2181వ వారము మొదలగును. ఆ దినమున ప్రోగ్రాము 2181 నుండి 1024 తీసివేసి, 1157 అని తేల్చును. ఆ వారము 2002 మార్చి 10న మొదలైనది. అనగా యంత్రము రాత్రికి రాత్రి పందొమ్మిదేండ్లు వెనుకకు పోవును! జీపీఎస్‌నుబట్టి గడియారమును సరిచేసికొను యంత్రములు ఎన్నియో కలవు. అవి తప్పు తేదీని నమ్మినచో, రేపటి టిక్కెట్టును నిన్న చూపినట్లు, నమ్మకపు పత్రములన్నియు చెల్లనివగును. ఒక యంత్రము మరియొకదానిని లోనికి రానీయదు. ఏ పని ఎప్పుడు జరిగెనో తెలుపు దినచర్య తారుమారగును.

ఈ పంక్తి అందరికిని తెరచియున్నందున, ఆ దినము రాకముందే, కొన్ని నెలలకు పూర్వమే, చదువరి యొకడు దీనిని కనిపెట్టి కాపాడువారికి తెలిపెను. పంక్తి ప్రక్కనే దానిని వ్రాసిన కారణమును, ఊహను కూడ వ్రాసియుండిరి. కారణము కనబడుచున్నచో తప్పు ఎచ్చట నున్నదో తెలిసికొనుట సులభము గదా! 2021 ఆగస్టులో దిద్దిన ప్రోగ్రాము 3.23 అను సంఖ్యతో వెలువడినది. అయినను పని ముగియలేదు. ఎవరి యంత్రములలో పాత ప్రోగ్రాము మిగిలియున్నదో వారు క్రొత్తదానిని పెట్టుకొనవలెను. అక్టోబరులో అమెరికా ప్రభుత్వపు సైబరు భద్రతాసంస్థ సయితము ఈ విషయమై హెచ్చరిక ప్రకటించెను. కావలికి పెట్టినదానికి కూడ కావలి కావలెనని ఈ కథ బోధించుచున్నది.

ఇక నా యెరుకలోని ముచ్చట యొకటి చెప్పుదును. నా పూర్వశిష్యుడొకడు నాచారమున తల్లితోను తమ్మునితోను నివసించుచున్నాడు. పగలు ఒక చిన్న కర్మాగారమున ఉద్యోగము చేయును. రాత్రి భోజనానంతరము రెండు గంటలపాటు ఒక ఓపెన్‌సోర్సు స్థాననిర్ణయ ప్రోగ్రామును చక్కదిద్దు పనిలో పాల్గొనును. దసరా సెలవులలో నేను వారి యింటికి పోగా అతని తల్లి నాతో మొరపెట్టుకొనెను.

“సారూ! మీరైనను వీనికి చెప్పుడు. పగలంతయు పని, రాత్రియంతయు ఈ పెట్టె. పైసా రాదట. మీదుమిక్కిలి ఎవరెవరో వీనిని నిందించుచు వ్రాయుదురట!”

అతడు నవ్వి, “అమ్మా! ఊరిలో మన వాడకట్టు బావిని తాత ఏటేట దింపించి శుభ్రము చేయించెనని నీవే చెప్పితివి గదా. తాతకు ఎవరు కూలి యిచ్చిరి?” అనెను.

“కూలి యెందుకురా బిడ్డా? ఆ నీరు మనమును త్రాగితిమి గదా!”

“తమ్ముడు ఆటోలో పెట్టుకొనునది ఇట్టి నీరే, అమ్మా. ఎవరో ఒకరు పూడిక తీయనిచో వానికి నీరెట్లు వచ్చును?”

ఆ తల్లి మారు పలుకలేదు. కొంతసేపటికి చాయ తెచ్చి అతని ప్రక్కన పెట్టెను.

నేను అతని నడిగితిని: “నాయనా! చక్కదిద్దుట యనగా ఏమి చేయుదువు?”

అతడు చెప్పినదానిని సంగ్రహముగా వ్రాయుచున్నాను. మొదటి ఏడాది అతడు ఒక్క క్రొత్త పంక్తియు వ్రాయలేదు. ప్రోగ్రామును వాడు విధమును తెలుపు పుస్తకమున అక్షరదోషములను దిద్దెను. ఒకే వస్తువునకు మూడుచోట్ల మూడు పేరులుండగా ఒక్క పేరు పెట్టెను. ఒకే లెక్కను రెండుచోట్ల వ్రాసియుండగా ఒకచోట నుంచెను. లోకములోని వాడుకదారులు వ్రాసిన ఫిర్యాదులను చదివి, ఒకే విషయమును గూర్చినవానిని ఒకచోట చేర్చెను. ఇవన్నియు ఇల్లూడ్చుటవంటి పనులు. చేసినప్పుడు ఎవరికిని కనబడవు. చేయనప్పుడు అందరికిని కనబడును.

రెండవ ఏట అతనికి కొంత ధైర్యము కలిగినది. ప్రోగ్రామున ఒకచోట ఏడు పంక్తులు అర్థములేనివిగా తోచినవి. ఎవ్వరును వానిని వాడుచున్నట్లు లేదు. అతడు వానిని తీసివేసెను. అట్టి ప్రోగ్రాములను కాపాడువారు ఒక మంచి యేర్పాటు చేసికొందురు. వివిధ దేశములవారు తమ రిసీవరులు పలికిన మాటలను నమోదు చేసి పంపగా వానిని భద్రపరతురు. ఎవరు ఏ మార్పు చేసినను ఆ పాత మాటలన్నింటిని ప్రోగ్రామునకు మరల వినిపించి, జవాబులు మునుపటివలెనే వచ్చుచున్నవో లేదో చూతురు. నా శిష్యుని మార్పునకు ఆ పరీక్ష జరుపగా ఒకచోట జవాబు తప్పినది. ఏనాడో ఎవరో ఒక పాత రిసీవరునుండి పంపిన నమోదు అది. ఆ రిసీవరు సమయమును కొంత వింతగా చెప్పును. ఆ వింతను సర్దుటకే ఆ ఏడు పంక్తులు! ఎచ్చటనో ఒక పడవలోనో, పొలములోనో ఆ పాత యంత్రము నేటికిని పనిచేయుచుండవచ్చును.

“సారూ! ఆ రాత్రి నాకు సిగ్గుతో నిద్రపట్టలేదు” అని అతడు చెప్పెను. “మరునాడు ఆ ఏడు పంక్తులను యథాస్థానమున నుంచి, వానిపైన అవి ఎందుకున్నవో రెండు మాటలు వ్రాసితిని. నేను ఆ ప్రోగ్రామునకు చేసిన మేలులో అన్నింటికంటె పెద్దది ఆ రెండు మాటలే యనుకొందును.”

విద్యార్థులారా! ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. మొదటి కథలో మేలునకై పెట్టిన పంక్తి కాలము మారగా కీడు చేయబోయినది. రెండవ కథలో చెత్తయని తోచిన పంక్తి ఎవరికో ప్రాణాధారమై యుండినది. అట్లయిన దేనిని ఉంచవలెను? దేనిని తీయవలెను? చూచినంతమాత్రమున తెలియదు. కారణము తెలిసికొనవలెను, తెలిసిన కారణమును ప్రక్కన వ్రాసియుంచవలెను, మార్చినపుడు పరీక్షింపవలెను. చీపురు పట్టుటకు ముందు ఇల్లు తెలియవలెను. చక్కదిద్దుట యందలి జ్ఞానమంతయు ఇందులో నున్నది.

పని ఒకమారు చక్కగా చేసిన చాలదా, మరల మరల ఎందులకని మీరు అడుగవచ్చును. లోకము నిలువదు గనుక. మనము నిలిచిన నేల కూడ నిలువదు. భారతభూఫలకము ఏటికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యదిశకు కదలుచున్నది. ఉప్పల్ దారిలోని ‘హైడ్’ వంటి కేంద్రముల నమోదులవలననే ఈ కదలికను ఇంత సూక్ష్మముగా కొలువగలుగుచున్నారు. పదుమూడేండ్ల బాలుడు పుట్టిననాటినుండి నేటివరకు ఉప్పల్ నేల అతనితో కూడ ఇంచుమించు 65 సెంటీమీటర్లు జరిగినది! ఫోనులో దారి చూచువానికి అది లెక్కకు రాదు. సెంటీమీటర్లలో పొలము గట్టును నిర్ణయించు సర్వేయరునకు తప్పక లెక్కకు వచ్చును.

నేలపైని వీథులును మారుచుండును. 2017 నవంబరులో నాగోలునుండి మెట్రో రైలు నడువసాగినది. 2023లో ఉప్పల్ కూడలిలో పాదచారులకై ఆకాశవంతెన తెరువబడినది. అంతకు ముందు గీచిన పటములో అది యుండదు. 2004లో ఇంగ్లండున ఆరంభమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను ప్రపంచపటమును ఎవరైనను దిద్దవచ్చును. మీ వీథి పేరు తప్పుగా నున్నచో, ఒకవైపు మాత్రమే పోవలసిన దారిని రెండువైపులుగా చూపినచో, పెద్దల సాయముతో మీరును సరిచేయవచ్చును. అయితే నియమములు కలవు. స్వయముగా నడచి చూచినదానినే వ్రాయవలెను. ఇతరుల పటములనుండి దొంగిలింపరాదు. తెలియనిదానిని ఊహించి పూరింపరాదు.

ప్రోగ్రాములు వ్రాయుట ఇంకను నేర్వనివారు సయితము ఈ పనికి తోడ్పడవచ్చును. తప్పు కనబడినపుడు “ఇది పనిచేయదు” అని విసుగుకొని ఊరకుండక, ఎచ్చట, ఏనాడు, ఏ యంత్రమున, ఏమి చేయగా తప్పు వచ్చినదో వరుసగా వ్రాసి తెలుపుడు. అట్టి నాలుగు పంక్తులు కాపాడువానికి నాలుగు రాత్రుల శ్రమ తప్పించును. పెక్కు ప్రోగ్రాములను లక్షలమంది వాడుదురు; కాపాడువారు ఒకరో ఇద్దరో యుందురు. వారికి అలసట కలదు, సంసారములు కలవు. బావినీరు త్రాగి బావిని తిట్టుట మంచిది కాదు. చేద విరిగినచో చెప్పుట మంచిది. చేతనైనచో త్రాడు తెచ్చి కట్టుట మరియు మంచిది.

మీలో కొందరు రేపు క్రొత్త యంత్రములను నిర్మింతురు. శాసనములలో పేరులు చెక్కించుకొందురు. అది సంతోషకరమే. కాని ఎవరో కట్టినదానిని చెడకుండ కాపాడి, తరువాతివారికి అప్పగించు పని మీ పాలికి వచ్చినపుడు దానిని చిన్నదిగా నెంచకుడు. మొన్న నేను ఉప్పల్‌నుండి నాచారమునకు ఆటోలో పోయితిని. ఫోను చెప్పినచోటనే ఆటో ఆగినది. నడుపు యువకునికి తెలియదు, తన ఫోనునకు ఆ దారి ఎందరి రాత్రుల శ్రమవలన తెలిసినదో. తెలియవలసిన పనియు లేదు. నీరు పారుచున్నచో పూడిక తీయువాడు తృప్తి చెందును.

ప్రశ్నలు

1. చెరువును త్రవ్వించువానికిని పూడిక తీయువానికిని గల భేదమేమి?
2. జీపీఎస్ వారముల లెక్కకును తెలుగు సంవత్సరముల పేరులకును గల పోలికను వివరింపుము.
3. 2021 అక్టోబరు 24న ఏమి జరుగనుండెను? దానిని ఎట్లు నివారించిరి?
4. ఏడు పంక్తులను తీసివేసిన శిష్యుడు ఏమి నేర్చుకొనెను?
5. మీ పాఠశాలలో అందరు వాడుకొను వస్తువు నొకదానిని ఎన్నుకొని, దానిని ఎవరు, ఎట్లు కాపాడుచున్నారో తెలిసికొని పది పంక్తులలో వ్రాయుము.